మంచు మీద గీత

తెలుగులో మంచు అన్న మాట ఒక్కటే. గడ్డిపరక మీద నిలిచేదీ మంచే, తెల్లవారుజామున కోట బురుజుల్ని కప్పేదీ మంచే, హిమాలయాల మీద గుట్టలుగా పడేదీ మంచే. మొదటి రెండూ మనకు బాగా తెలుసు. సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైన వున్న మన బీదరులో పుష్యమాసం వచ్చిందంటే చెవులకు మఫ్లరు చుట్టుకోకుండా పాలకు వెళ్ళలేము. మూడవదానితో మాత్రం మనకు పొత్తు లేదు. అటువంటి వూళ్ళో కూర్చుని, మంచుకొండ మీద జారే పలకను గురించి వ్యాసం వ్రాయడమేమిటని చదువరులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి గాని చివరిదాకా చదవండి. మన సంఘంలో పిల్లలు దూరదేశాల్లో వున్న యిళ్ళు చాలా వున్నాయి. డెన్వరు నుంచో, కాల్గరీ నుంచో, జూరిక్ నుంచో రేపో మాపో మీకూ ఒక ఫోటో వస్తుంది. అందులో మీ అబ్బాయో అమ్మాయో రెండు కాళ్ళూ ఒక పలకకు బిగించుకుని కొండ మీద నిలబడి వుంటారు. అప్పుడు వద్దనాలా, సరేననాలా అన్న ప్రశ్న మీకూ వస్తుంది. మా యింట్లో వచ్చింది.

ప్రశ్న మా మేనకోడలిది. హైదరాబాదులో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 2004లో స్నో వరల్డ్ తెరిచారు. లోపల యంత్రాలతో మంచు కురిపిస్తారు. అప్పుడా పిల్లకు ఏడేళ్ళు. అక్కయ్యా, బావగారూ ఇక్కణ్ణించి బస్సులో తీసుకువెళ్ళి చూపించారు. అందరూ వణుకుతూ బయటికి వస్తే, ఇది మాత్రం రానని ఏడిచిందట. చదువు అయింది, హైదరాబాదులోనే ఉద్యోగం వచ్చింది. 2022లో స్నేహితురాళ్ళతో కాశ్మీరులోని గుల్మార్గు వెళ్ళి స్నోబోర్డు పాఠాలు మొదలుపెట్టింది. మూడవరోజున పడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చింది. ఆరువారాలు సిమెంటుకట్టు. కట్టు విప్పిన తరువాతి శీతకాలం మళ్ళీ వెళ్ళింది. ఆ పైన మ్యూనిక్‌లో వున్న పెదనాన్న కొడుకు చేత ఒక పాత పలక, ఒక జత ప్లాస్టిక్ బూట్లు తెప్పించుకుంది. 2024 సంక్రాంతికి ఇంటికి వచ్చి, "ఫిబ్రవరిలో వెళుతున్నాను నాన్నా" అన్నది.

బావగారు నన్ను పిలిపించారు. "పెళ్ళి కావలసిన పిల్ల. ఈసారి చెయ్యి కాదు, మెడ విరుగుతుంది. మేనమామవి, నీ మాట వింటుంది. వద్దని చెప్పు" అన్నారు. అక్కయ్య ఏమీ అనలేదు. ఆ పలకను మంచం కింద నుంచి తీసి, "ఈ మంచుపీట కోసం నా ప్రాణం తోడుతోంది" అని మళ్ళీ లోపలికి నెట్టింది.

నేనన్నాను: "వద్దనడానికైనా ఆ సంగతి తెలిసి వుండాలి గదా బావగారూ. నేను రిటైరై కూర్చున్నాను. దానితో వెళ్ళి చూసి వస్తాను. అప్పుడు చెబుతాను."

ఆ పలక పుట్టుక తండ్రులు వినదగిన కథ. 1965లో క్రిస్మస్ నాడు, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మస్కీగన్ అనే వూళ్ళో, షెర్మన్ పాపెన్ అనే ఆయన తన ఆడపిల్లల ఆట కోసం రెండు స్కీ పలకల్ని పక్కపక్కన బిగించాడు. పిల్లలు దాని మీద నిలబడి జారారు. ఆయన భార్య దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది. 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ అనే యువకుడు వెర్మాంటులో దాన్ని మెరుగుపరచి అమ్మడం ప్రారంభించాడు. 1998లో జపానులోని నగానోలో అది ఒలింపిక్ క్రీడ అయింది. 2018లో కొరియాలో ఎస్తర్ లెదెత్స్కా అనే చెక్ దేశపు అమ్మాయి ఒకే ఒలింపిక్స్‌లో స్కీలోనూ, స్నోబోర్డులోనూ స్వర్ణపతకాలు గెలిచింది. అంటే ఒక తండ్రి పెరట్లో చేసిన ఆటవస్తువు యాభైమూడేళ్ళలో అక్కడిదాకా పోయింది. ఇది చెబితే బావగారు, "వాళ్ళ పెరట్లో మంచు వుంది, మన పెరట్లో కరివేపచెట్టు వుంది" అన్నారు. ఆ మాటా నిజమే.

ఇక పరికరం. స్నోబోర్డులన్నీ ఒకటి కావు. సామాన్యంగా అద్దెకు దొరికేది వెడల్పుగా, పాతిక సెంటీమీటర్ల నడుముతో వుంటుంది. దానికి మెత్తని బూట్లు. పాదాలు పలకకు దాదాపు అడ్డంగా నిలుస్తాయి. మా అమ్మాయి తెప్పించుకున్నది ఆల్పైన్ పలక. పొడవు 163 సెంటీమీటర్లు, నడుము ఇరవై సెంటీమీటర్లు మాత్రమే. గట్టిది, వంచితే సులభంగా వంగదు. దాని బూట్లు స్కీబూట్లలాగా గట్టి ప్లాస్టిక్ డిప్పలు. పాదాలు 55, 60 డిగ్రీల కోణంలో ముందుకు తిరిగి వుంటాయి. ఎందుకలాగ అని అడిగాను.

"పలకను బాగా పక్కకు వాల్చాలి మామయ్యా. పాదం అడ్డంగా వుంటే బొటనవేళ్ళు మంచుకు తగులుతాయి. తగిలితే అంచు పైకి లేస్తుంది, నేను కింద పడతాను. పాదం ముందుకు తిరిగితే సన్నని పలక మీద సరిపోతుంది. బూటు గట్టిగా వుంటే మోకాలు కాస్త వాలినా అంచుకు వెంటనే తెలుస్తుంది" అన్నది.

ఆ పలకకు రెండు వైపులా ఉక్కు అంచులున్నాయి. చూస్తే నడుము సన్నం, రెండు చివరలూ వెడల్పు. అందులోనే వుంది రహస్యమంతా. చదునుగా పెడితే తిన్నగా జారుతుంది. పక్కకు వాల్చి బరువు మోపితే నడుము కిందికి దిగి పలక విల్లులా వంగుతుంది. అప్పుడు ఉక్కు అంచు ఆ వంపు వెంటే పోతుంది. తిప్పనక్కరలేదు, అదే తిరుగుతుంది. దీన్ని కార్వింగ్ అంటారు. అట్లా కాకుండా పలకను బలవంతంగా అడ్డం తిప్పితే మంచును గీకుతూ జారుతుంది. మంచు మీద మొదటిదాని జాడ పెన్సిలు గీత, రెండవదాని జాడ చీపురుతో వూడ్చిన చార.

అంచులకు పదును పెట్టించాలని ఆ పలకను మా వీధి చివర బిద్రీ పనిచేసే పెద్దాయన దగ్గరికి పట్టుకుపోయింది. ఆయన పదును పెట్టనన్నాడు, తన ఆకురాయి దీనికి పనికిరాదన్నాడు. కాని అంచు మీద గోరు ఆడించి చూసి, ఇదేమి చేస్తుందని అడిగాడు. అమ్మాయి చెప్పింది. ఆయన నవ్వి, తన ముందున్న హుక్కా కుండను చూపించాడు. జింకులో కాస్త రాగి కలిపి పోత పోసి, నునుపు చేసి, మైలుతుత్తంతో నలుపు చేసి, దాని మీద పువ్వు గీసి వున్నాడు. ఇక ఉలితో చెక్కాలి. ఆ గాట్లో వెండితీగ కూర్చుంటుంది. చివర కోటమట్టి, నవాసాగరం కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగా వుండిపోతుంది. "ఉలి మొన లోహంలోకి దిగితే గీత, పైన జారితే గీరు. గీరులో వెండి నిలవదు" అన్నాడాయన తన దక్కనీ ఉర్దూలో. అమ్మాయి నా వంక చూసింది. గుల్మార్గులో గురువు చెప్పినదీ ఇదేనట.

ఫిబ్రవరి రెండవ వారంలో బయలుదేరాము. ఆ సంవత్సరం జనవరి అంతా గుల్మార్గులో మంచే లేదు. పత్రికల్లో బోడిగా వున్న మైదానాల బొమ్మలు వచ్చాయి. నెలాఖరుకు కురవడం మొదలై, మేము పోయేసరికి ఇళ్ళ కప్పులు కూడా కప్పుకుపోయి వున్నాయి. బీదరు నుంచి హైదరాబాదు, అక్కణ్ణించి ఢిల్లీ మీదుగా విమానంలో శ్రీనగరు, అక్కణ్ణించి కారులో తంగ్‌మార్గు. అక్కడ చక్రాలకు గొలుసులు కట్టిన బండి మారాము. పైకి పదమూడు కిలోమీటర్ల ఘాటు రోడ్డు. దేవదారు చెట్ల మధ్య ఆ తెలుపు చూస్తూ నేను ఒక్కమాట కూడా మాట్లాడలేదని అమ్మాయి ఇప్పటికీ అందరితో చెబుతుంది.

మొదటి రెండు రోజులు ఆమె పలక ఎక్కలేదు. గుల్మార్గు 2,650 మీటర్ల ఎత్తు. ఒకరోజు ఒళ్ళు అలవాటు పడడానికి వదిలింది. రెండవరోజు కొత్త మంచు మోకాలి లోతున పడింది. నలుగురూ కేరింతలు కొట్టారు. ఈమె మాత్రం కిటికీ దగ్గర కూర్చుని పలకకు మైనం రుద్దుకుంటున్నది. సన్నని పలక మెత్తని మంచులో ముక్కు దించి కూరుకుపోతుందట. దానికి యంత్రంతో చదును చేసి రాత్రి చలికి గట్టిపడిన నేల కావాలి. అది కొండ శిఖరాన దొరకదు, కింది వాలుల్లోనే, అదీ పొద్దున్నే దొరుకుతుంది. ఈ చిన్న సంగతి నేను మనసులో కట్టుకున్నాను. తరువాత పనికివచ్చింది.

మూడవనాడు ఉదయం నేను ఒక బల్ల మీద కంబళి కప్పుకుని, కహ్వా తాగుతూ కూర్చున్నాను. ఆమె శిరస్త్రాణం, కళ్ళద్దాలు, మణికట్లకు గట్టి కాపులు వేసుకుని వాలు ఎక్కింది. నేను వేగం చూడబోతున్నాననుకున్నాను. ఆమె వాలుకు అడ్డంగా, ఒక్క అంచు మీద, మెల్లగా ఇటు నుంచి అటు పోయింది. ఆగింది. పలక విప్పి వెనక్కు నడిచి తన జాడ చూసుకుంది. మళ్ళీ పోయింది. మళ్ళీ చూసుకుంది. గంటసేపు ఇదే పని. ఎక్కడ గీత చీపురుచార అయిందో అక్కడ నిలబడి ఆలోచించేది. ఆ తరువాత కాస్త కిందికి తిరిగి ఒక వంపు, దానికి ఎదురు మరో వంపు. మడమవైపు అంచు నుంచి వేళ్ళవైపు అంచుకు మారే క్షణంలో పలక చదునుగా వుంటుంది. తప్పు అంచు మంచును పట్టుకుంటే మనిషిని బోర్లానో వెల్లకిలానో విసిరికొడుతుంది. తొలి ఏడాది చెయ్యి విరిగింది అక్కడే.

ఆమె గురువు అరవై దాటిన కాశ్మీరీ. మాటలు తక్కువ. "నడుము వంచకు, మోకాళ్ళూ చీలమండలూ వంచు. పోవలసినచోటు చూడు, పలకను చూడకు" అనేవాడు. ఆమె ఒకసారి వాలుతూ మంచును చేత్తో తాకబోయింది. అట్లా తాకుతూ పోయేవాళ్ళ ఫోటోలు అందంగా వుంటాయి. ఆయన ఆపి, "చేతిని మంచు దగ్గరికి తీసుకుపోవద్దు. పలక సరిగా వాలితే మంచే చేతి దగ్గరికి వస్తుంది" అన్నాడు. నేను అడిగాను, మరి దీనికి బ్రేకు ఏదని. "మలుపును చివరిదాకా పూర్తి చెయ్యడమే బ్రేకు. వంపు తిరిగి తిరిగి పైకి చూస్తుంది, వేగం తనే చస్తుంది. సగంలో వదిలితే వేగం నిన్ను తీసుకుపోతుంది" అన్నాడు.

ఆ సాయంత్రం టీ దగ్గర బెంగుళూరు, పూనా కుర్రాళ్ళు కలిశారు. సరదా మనుషులు. ఏ అంగడిలో బూట్లు బాగుంటాయో, ఏ బండివాడు న్యాయంగా అడుగుతాడో అన్నీ చెప్పారు. మరునాడు గొండోలాలో పైదాకా పోయి, అఫర్వత్ కొండ అవతలి ముఖాన దిగుతామనీ, ఇంకొకరికి చోటుందనీ ఈమెను పిలిచారు. గొండోలా మొదటి మజిలీ కొంగ్‌డోరీ. రెండవది 3,900 మీటర్లు దాటి అఫర్వత్ భుజం మీదికి పోతుంది. అక్కణ్ణించి దిగేదంతా చదును చెయ్యని కొండ.

నేను ఏమీ అనలేదు. అనడానికి నా దగ్గర ఏమీ లేదు కూడా. ఆమె మూడు ప్రశ్నలు వేసింది. "మంచుచరియల హెచ్చరిక ఇవాళ ఏమని వుంది? మంచులో కూరుకుపోతే జాడ చెప్పే పరికరాలు, పారలు అందరి దగ్గరా వున్నాయా? దారి తెలిసిన స్థానికుడు ఎవరు?" మొదటిదానికి ఒకాయన "చూడలేదు" అన్నాడు. మిగతావాటికి నవ్వారు. "అయితే నేను రాను. నా పలక కూడా ఆ మంచుకు పనికిరాదు" అని ఆమె కప్పు కింద పెట్టింది. వాళ్ళు వెళ్ళారు, క్షేమంగా తిరిగి వచ్చారు, సాయంత్రం తాము చూసిన అందాలన్నీ వర్ణించారు. ఆమె విన్నది. కాస్త బాధపడిందని కూడా నాకు తెలుసు.

మేము బీదరు చేరాక ఫిబ్రవరి 22న గుల్మార్గు పైవాలుల్లో మంచుచరియ విరిగిపడి ఒక విదేశీయుడు చనిపోయాడని పత్రికల్లో వచ్చింది. అంతకు ముందు ఏడాది, 2023 ఫిబ్రవరి 1న, అఫర్వత్ మీద అట్లాగే ఇద్దరు పోలెండు దేశస్థులు పోయారు. బావగారు ఆ పత్రిక పట్టుకుని మా యింటికి వచ్చారు. "ఇప్పుడు చెప్పు" అన్నారు.

చెప్పాను. భయం నిజమైనదే. కాని అది ఒక్క భయం కాదు, విడదీసి చూడాలి. మంచుచరియ భయం వేరు, అది చదును చేసిన వాలు దాటిపోయినవాడికి. ఈ పిల్ల ఆట ఆ వాలులోనే. మణికట్టు భయం వేరు. మొదటి ఏళ్ళలో స్నోబోర్డువాళ్ళకు ఎక్కువగా విరిగేది అదే. దానికి కాపులున్నాయి, అరచేతులు చాచకుండా పిడికిళ్ళు బిగించి పడడం నేర్పుతారు. ఇతరులను గుద్దే భయం వేరు. కార్వింగ్ చేసేవారు వాలును ఈ చివర నుంచి ఆ చివరకు కోస్తారు గనుక, మలుపుకు ముందు పైకి తిరిగి చూసుకోవాలి. పైనుంచి వచ్చేవాడే కింద వున్నవాణ్ణి తప్పించాలన్నది అన్ని దేశాల్లోనూ నియమం. పొద్దున్నే జనం లేనప్పుడు పోవడం ఇందుకు కూడా మంచిది. ఈ ఆటలో ప్రమాదం లేదని నేననను. ఉన్నది. అది ఏదో ఆ పిల్లకు తెలుసు, ఎక్కడ ఆగాలో తెలుసు. నలుగురు పిలిచినా ఆగడం నా కళ్ళతో చూశాను.

"మన పెద్దలు ఝరణీ నరసింహస్వామి గుహలో ఛాతీలోతు నీళ్ళలో, నన్ను భుజాన ఎత్తుకుని, చీకట్లో నడిచారు బావగారూ. మీ నాన్నగారూ మిమ్మల్ని అట్లాగే తీసుకుపోయారు. అప్పుడు ఎవరూ భయపడలేదు, ఎందుకంటే ఆ దారి వాళ్ళకు తెలుసు" అన్నాను. పొరుగు జిల్లా పిల్లను గురించి కూడా చెప్పాను. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడవ ఏట, ఎవరెస్టు ఎక్కింది. మన కర్ణాటకలోనే కొడగు అమ్మాయి భవాని స్కీ నేర్చి 2021లో జర్మనీలో ప్రపంచపోటీల్లో దేశం తరఫున పాల్గొన్నది. మంచులో పుట్టనివాళ్ళకు మంచు రాదన్న మాట చెల్లదు. ఎవరైనా నేర్చుకునే పోవాలి.

వెళ్ళదలచిన ఇతర కుటుంబాల కోసం, అక్కడ నలుగురి నోటా విన్నవీ, నేను చూసినవీ కొన్ని చెబుతాను. మంచు మన పంచాంగం చూసి కురవదు. 2025లో గుల్మార్గులో జాతీయ శీతకాల క్రీడలే మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి. కనుక తేదీ మార్చుకోవడానికి వీలున్న టిక్కెట్టే కొనండి. పలక సంచి పొడవైనది, విమానం వాళ్ళు తీసుకుంటారో లేదో, ఎంత అడుగుతారో ముందే కనుక్కోండి. బూట్లు మాత్రం చేతిసంచిలో పెట్టుకోండి. పలక పోతే అద్దెకు దొరుకుతుంది, కాలికి కుదిరిన బూటు దొరకదు. గట్టి బూట్ల పలక ఇక్కడ అద్దెకు దొరుకుతుందని నమ్ముకుని పోవద్దు. ప్రీపెయిడ్ ఫోను అక్కడ పలుకుతుందో లేదో బయలుదేరకముందే విచారించండి. నూలు బనియన్లు చెమటకు తడిసి ఒంటిని చల్లబరుస్తాయి, ఉన్నివి వేసుకోండి. ఔలీకి పోదామనుకునేవారు, 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగి అక్కడి రోప్‌వే ఆగిపోయిన సంగతి తెలుసుకుని, దారి విచారించుకుని బయలుదేరండి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో జరిగిన ఘోరం తరువాత కాశ్మీరు పోయేవారు ఏవి తెరిచారో, ఏవి మూశారో ముందుగా అడిగి పోవడం అవసరం. అన్నింటికన్నా ముఖ్యం, మొదటి వారం గురువు లేకుండా పలక ఎక్కవద్దు.

బావగారు అన్నీ విన్నారు. చాలాసేపు పత్రికను మడతపెడుతూ కూర్చున్నారు. అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి వుంది. నేను నాలుగు షరతులు చెప్పాను. కాపులూ శిరస్త్రాణమూ లేకుండా ఎక్కకూడదు. చదును చేసిన వాలు దాటకూడదు. ఒంటరిగా పోకూడదు. రోజూ సాయంత్రం అమ్మకు ఫోను చెయ్యాలి. "చేస్తాను మామయ్యా" అన్నది.

"కాపులు పాతబడితే పనిచేస్తాయా?" అని అడిగారు బావగారు, పిల్ల వంక చూడకుండా.

"ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాక మార్చాలి నాన్నా."

"అయితే కొత్తవి కొను. డబ్బులు నేనిస్తాను" అని ఆయన లేచారు. అక్కయ్య లోపలికి వెళ్ళి మంచం కింద నుంచి ఆ మంచుపీటను లాగి, ఒక పాత దుప్పటి చుట్టి, బీరువా పక్కన నిలబెట్టింది.